వెదుళ్లరేవులో రాజవ్వను వదిలేసి వచ్చిన రోజు

మా పాత ఆఫీసులో ఇప్పుడు టూర్లు చూసుకుంటున్న కల్యాణి పోయిన నెల ఇంటికి వచ్చింది. చాయ్ తాగి, ప్లేటులో బిస్కెట్లు సగం ఖాళీ చేసి, అప్పుడు అసలు సంగతి బయటపెట్టింది.

"అంకుల్, కొత్తగ నలుగురు చేరిండ్రు. గోదావరి ట్రిప్పుకు పోయినప్పుడు ఏం చెయ్యాలె, ఏం చెయ్యొద్దు, జర ఒక పది పాయింట్లు రాసియ్యుండ్రి."

పాయింట్లు రాయడం నాకు చేతకాదు. రాసినా ఆ నలుగురూ వాటిని ఫోనులో దాచుకుని మళ్లీ తెరవరు. లైఫ్ జాకెట్లు, రైలు టికెట్లు, భోజనాల సంగతి ఆఫీసు కాగితాల్లో ఉండనే ఉంది. అవన్నీ నేర్చుకున్నాక కూడా మిగిలిపోయే పని ఒకటుంది. నేను రాయగలిగితే దాని గురించే రాయాలి. నేను ఎప్పుడు సూపర్‌వైజర్‌నయ్యానో, ఎప్పుడు మేనేజర్‌నయ్యానో ఇక్కడ ఉండదు. ఆ విజిటింగ్ కార్డులను మా ఆవిడ పాత పేపర్లతో పాటు ఎప్పుడో అమ్మేసింది.

నీళ్లు తెలియని మనిషి

నేను పుట్టి పెరిగింది యూసుఫ్‌గూడలో. నాకు తెలిసిన నీళ్లు రెండే. ఒకటి హుస్సేన్ సాగర్, రెండోది రోజు విడిచి రోజు వచ్చే మా వీధి నల్లా. ఈత అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. పంజాగుట్టలో ఒక బట్టల దుకాణం పైన, ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి దిగాల్సినంత ఇరుకు మెట్లెక్కితే వచ్చే ట్రావెల్ ఆఫీసులో టికెట్లు రాసే పనికి చేరాను. ఓనర్ ప్రసాదరావు గారిది రాజమండ్రి వైపు. మనిషి తెల్లగా, బట్టలు ఇంకా తెల్లగా ఉండేవి. కోపం వచ్చినా గొంతు పెంచేవారు కాదు. కళ్లద్దాలు తీసి తుడుచుకునేవారు. ఆయన కళ్లద్దాలు తీస్తే ఆఫీసంతా తలదించుకుని పనిచేసేది.

అవి అమీర్‌పేటలో ఎటు చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే కనిపించే రోజులు. మైత్రీవనం ముందు పొద్దున్నే ఫైళ్లు పట్టుకున్న పిల్లలతో కాలు పెట్టే సందుండేది కాదు. నిన్నటిదాకా హాస్టల్లో ఇద్దరు ఒక మంచం పంచుకున్న పిల్లలకు ఉన్నట్టుండి ఉద్యోగాలొచ్చేవి. ఒక రోజు ప్రసాదరావు గారు నన్ను పిలిచారు.

"యాదగిరీ, ఈ పిల్లలకు శని, ఆదివారాలు సెలవులొస్తున్నాయి. ఎక్కడికెళ్లాలో వాళ్లకు తెలీట్లేదు. గోదావరి మీద లాంచీలో తిప్పుదాం. నువ్వు తీసుకెళ్లు."

"సార్, నాకు గోదావరి తెల్వదు."

"వాళ్లకీ తెలీదు కదయ్యా. ఇంకేంటి?"

నా వృత్తి అలా మొదలైంది. శుక్రవారం సాయంత్రం రైలెక్కడం, శనివారం పొద్దున రాజమండ్రి వైపు దిగి బస్సులో రేవుకు చేరడం, లాంచీలో కొండల మధ్యకు పోయి వెదుళ్లరేవు అనే చిన్న ఊళ్లో మధ్యాహ్నం భోజనం, సాయంత్రానికి వెనక్కి, మళ్లీ రైలు. ఇరవై ఏళ్లలో ఆ దారి ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలియదు. ప్రతిసారీ లాంచీ ఎక్కేటప్పుడు నీళ్లంటే భయమేసేది. ఆ సంగతి ఎవరికీ తెలియకుండా అందరికంటే ముందు దూకేవాణ్ని.

సెలవంటే తెలియని పిల్లలు

మొదట్లో వచ్చిన సాఫ్ట్‌వేర్ పిల్లలకు సెలవు ఎలా గడపాలో తెలిసేది కాదు. లాంచీ కదలగానే మొదటి ప్రశ్న సిగ్నల్ ఎక్కడొస్తుందని. ఒక టీమ్ లీడర్ నా దగ్గర గంట గంటకూ ప్రోగ్రాం రాయించుకున్నాడు.

"రెండున్నరకు ఏం కనిపిస్తుందండీ?"

"నీళ్లు."

"మూడింటికి?"

"గవే నీళ్లు సార్. గాని వెలుగు మారుతది."

అతనికి అది నచ్చలేదు. మూడింటికి మాత్రం తనే నన్ను మోచేత్తో పొడిచి, "నిజమే, మారింది" అన్నాడు. అతనంటే నాకు ఇప్పటికీ ఇష్టం.

ఇంకోసారి, కంపెనీల్లో మనుషుల్ని తీసేస్తున్న రోజుల్లో, ఒక కుర్రాడు ఒక్కడే టికెట్ కొనుక్కుని వచ్చాడు. ముందు భాగంలో కూర్చుని పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒక్క మాట మాట్లాడలేదు. నేను మైకు పట్టుకుని రెండుసార్లు అతన్ని ఆటలోకి లాగబోయాను. దిగేటప్పుడు నా చేయి పట్టుకుని, "థాంక్స్ అంకుల్, పొద్దుటి నుంచి మీరు తప్ప నన్నెవరూ ఏమీ అడగలేదు" అన్నాడు. మెచ్చుకున్నాడా, తిట్టాడా అని రైల్లో చాలాసేపు ఆలోచించాను. తర్వాత నుంచి కొండల మధ్యకు రాగానే గంటసేపు మైకు ఆపేయడం మొదలుపెట్టాను. దారి పొడుగునా అంత్యాక్షరి ఆడించడమే టూర్ మేనేజర్ పని అనుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లతో నాకు పడదు. కల్యాణికి ఈ మాట నచ్చదని తెలుసు, ఆమె బాగా పాడుతుంది.

నా తప్పులూ చెప్పాలి. మొదటి ఏడాది ఒకావిడ ఒక కొండను చూపించి దాని కథేమిటని అడిగింది. తెలియదని చెప్పడానికి నామోషీ అనిపించింది. ఒక రాణి ఆ కొండ మీద నిలబడి భర్త కోసం ఎదురుచూసిందని అప్పటికప్పుడు అల్లేశాను. లాంచీ నడిపే సరంగు వీర్రాజు చుక్కాని వదలకుండానే వెనక్కి తిరిగి చూశాడు. అందరూ దిగాక మెల్లగా అడిగాడు.

"ఏటండీ యాదగిరి గారూ, మా తాత కాడ్నించీ ఈ నీళ్ల మీదే ఉన్నామండి. ఆ రాణీగారు ఎప్పుడొచ్చారండి?"

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా అక్కడితో పోలేదు. ఆరు నెలలకు పక్క లాంచీలో గైడు అదే రాణి కథను మైకులో చెబుతుంటే విన్నాను. ఆమెకు అతను ఒక చెలికత్తెను కూడా చేర్చాడు. తెలియకపోతే తెలియదని చెప్పండి. ప్రయాణికులు దానికేమీ బాధపడరు.

చెప్పుల లెక్క

ఇక వెదుళ్లరేవు సంగతి. నది మలుపు తిరిగే చోట ఒడ్డున తెల్లటి ఇసుక, దాని పైన ఎత్తుగా మెట్లు, మెట్ల మీద వెదురు పాకల్లో ముప్పై ఇళ్ల ఊరు. ఒంటిగంటకు లాంచీలు ఆగేవి. వెదురు బొంగుల్లో కాల్చిన కోడికూర, అరిటాకు భోజనం, బుట్టల బేరాలు, ఫోటోలు. మూడింటికి మళ్లీ అందరూ ఎక్కేసేవారు. ఆ రెండు గంటలూ ఊరు జాతరలా ఉండేది.

మెట్ల మొదట్లో చిన్న గంగమ్మ గుడి ఉంది. చెప్పులేసుకుని దాన్ని దాటి పైకి పోకూడదు. ఎవరైనా సరే, లాంచీ పక్కన ఇసుకలోనే చెప్పులు విడవాలి. మా వాళ్ల చెప్పులన్నీ ఒక బోర్లించిన పాత పడవ పక్కనే పెట్టించేవాణ్ని. అక్కడే నాకొక ఉపాయం తట్టింది. మనుషుల్ని లెక్కపెట్టబోతే ఒకడు ఫోటో తీయడానికి పోతాడు, ఇంకొకామె బుట్ట మార్చుకోవడానికి పోతుంది, లెక్క మళ్లీ మొదటికొస్తుంది. చెప్పులైతే అటూ ఇటూ పోవు. పడవ పక్కన ఒక్క జత కూడా లేదంటే మా వాళ్లందరూ ఎక్కేసినట్లే.

ప్రసాదరావు గారికి చెబితే, "ఏంటయ్యా, ఇంత బుర్ర పెట్టుకుని టికెట్లు రాశావా ఇన్నాళ్లూ?" అని మురిసిపోయారు. కొత్తగా చేరినవాళ్లందరికీ నేను ఇదే నేర్పాను. ఏళ్ల తరబడి ఒక్కసారి కూడా తప్పలేదు. అందుకే అది సరైన పద్ధతి అని నమ్మాను.

ఆ శనివారం మైత్రీవనం వెనక సందులోని ఒక లేడీస్ హాస్టల్ పిల్లలు వచ్చారు. నలభై మంది దాకా ఉన్నారు. వాళ్లతో పాటు వాళ్లకు కోర్సు చెప్పే మురళి గారు. ఇంకొకరు రాజవ్వ. ఆమె ఆ హాస్టల్లో వంటమనిషి. అరవై దగ్గర పడింది. కరీంనగర్ వైపు నుంచి భర్త పోయాక వచ్చి, ఆ హాస్టల్ వంటింట్లోనే కాపురముంటోంది. కొత్తగా ఉద్యోగాలొచ్చిన నలుగురు పిల్లలు కలిసి ఆమెకు టికెట్టు తీశారు. ఆదివారం పొద్దున టిఫిన్ వేళకు వచ్చేస్తుందని ఓనరమ్మకు మాటిచ్చి మరీ తీసుకొచ్చారు.

రైలు కదిలీ కదలకముందే రాజవ్వ సర్వపిండి డబ్బా పట్టుకుని పెట్టె అంతా తిరిగింది. నా దగ్గరకూ వచ్చింది.

"ఏం బిడ్డా, నువ్వు తిన్నవా? గింత పొద్దువోయె, మొకం పీక్కపోయింది."

అంతమందిని తిప్పుతున్నాను గానీ, నేను తిన్నానో లేదో అడిగిన ప్రయాణికులు నాకు వేళ్ల మీద కూడా లేరు.

పొద్దున లాంచీలో ఆమె అంచున కూర్చుని నీళ్లకేసి చూస్తూనే ఉంది. వీర్రాజును అడిగింది, "గీ నీళ్లు యాడికెళ్లి వస్తున్నయ్ అన్నా?"

"మీ వైపు నించేనండి. మంథని మీదుగా దిగి వస్తాదండి గోదారి."

"మా ఊరికి జర దూరంలనే పారుతుండె. పుష్కరాలకు అందరు పోయిండ్రు. నేను ఇంటికాడ వంట చెయ్యాలె గదా, పోలె." అంది. మాటలో బాధేమీ లేదు, ఉన్న సంగతి చెప్పినట్లు చెప్పింది.

భోజనాలయ్యాక స్వప్న అనే అమ్మాయి అందరికంటే ముందు కిందికి దిగింది. రాజవ్వకు చేతికర్రలా పక్కనే ఉండే పిల్ల. పడవ పక్కన రాజవ్వ నీలి పట్టీల చెప్పుల్లో ఒకదాని పట్టీ ఊడి ఉంది. పిన్ను పెట్టి బాగుచేద్దామని ఆ జతను తన సంచిలో వేసుకుని లాంచీ ఎక్కింది. రాజవ్వ షుగర్ మాత్రల డబ్బా కూడా పొద్దుటి నుంచి ఆ సంచిలోనే ఉంది. రాజవ్వ మాత్రం, వెదురు బొంగులో కూర ఎలా మాడకుండా ఉడుకుతుందో చూద్దామని, మాకు వండిపెట్టే ఆవిడ వెంట పాక వెనక్కి పోయింది. వంటమనిషి కదా, తిన్నదాని రుచి ఎక్కణ్నుంచి వచ్చిందో తెలిసేదాకా ఊరుకోలేదు.

మూడు కావస్తోంది. నేను పడవ దగ్గరకొచ్చి చూశాను. ఇసుకలో ఒక్క జత చెప్పులు లేవు. విజిల్ ఊదాను. ఒడ్డు నుంచి లాంచీలోకి ఎక్కడానికి వేసిన పలకను వీర్రాజు మనిషి లాగేశాడు. లాంచీ కదిలింది.

ఎప్పటిలాగే ఒడ్డున ఊరి ఆడవాళ్లు చేతులూపారు. మా పిల్లలూ ఊపారు. నేనూ ఊపాను.

గంట తర్వాత స్వప్న కింది అంతస్తు నుంచి పైకి వచ్చింది. చేతిలో బాగుచేసిన నీలి పట్టీల చెప్పులున్నాయి.

"అంకుల్, రాజవ్వ పైనే కూర్చుందా? కింద పడుకుందనుకున్నాను. అక్కడ లేదు."

ఆ చెప్పులు చూడగానే లేచి నిలబడ్డాను. లాంచీ రెండు అంతస్తులూ వెతికాం, బాత్‌రూమ్ తలుపు కొట్టాం, వంటగది చూశాం. లేదు. స్వప్న ఏడుపు అందుకుంది. "నేనే తీశాను అంకుల్ చెప్పులు, నావల్లే" అంటోంది. నీవల్ల కాదమ్మా అని చెప్పాల్సింది నేనే.

వీర్రాజు దగ్గరకు పరుగెత్తాను.

"వెనక్కి తిప్పలేనండి. ఇప్పుడు తిప్పితే తిరిగొచ్చేటప్పుడు కొండల మజ్జన సీకటడిపోద్ది. ఇంతమంది పిల్లల్ని పెట్టుకుని లాంచీ నడపకూడదండి."

అతను చెప్పింది సరైన మాట. మా ఆఫీసు నియమం కూడా ఒకటుంది. ఎవరైనా ఊళ్లో ఉండిపోతే మర్నాటి లాంచీలో వస్తారు, మేనేజర్ మాత్రం గుంపును వదలకూడదు. ఆ నియమం పాటిస్తే నన్ను ఎవరూ తప్పుపట్టరు. కొండల మధ్య ఫోన్లు పనిచేయవు, ప్రసాదరావు గారిని అడిగే వీలూ లేదు. కానీ మాత్రల డబ్బా ఇక్కడుంది, ఆమె అక్కడుంది. సాయంత్రం మాత్ర వేసుకోకపోయినా, వేళకు తినకపోయినా ఆమెకు కళ్లు తిరుగుతాయని స్వప్న చెబుతోంది. ఆ ఊళ్లో ఆమెకు తెలిసిన మనిషి లేదు. కాళ్లకు చెప్పులు కూడా లేవు.

ఎదురుగా చేపలవాళ్ల ఇంజను పడవ ఒకటి పైకి పోతోంది. వీర్రాజు కేకేసి ఆపాడు. నేను మాత్రల డబ్బా జేబులో వేసుకుని, ఆ హడావిడిలో చెప్పులు మాత్రం మరిచిపోయి, రైలు టికెట్లన్నీ మురళి గారి చేతిలో పెట్టాను.

"నలభై ఒక్కరు సార్. రైలెక్కించుండ్రి."

"ఎలా లెక్కపెట్టమంటారండీ?" అని అడిగాడు పాపం, నిజంగానే అడిగాడు.

"ఒక్కొక్కళ్లను పేరు పెట్టి పిలువుండ్రి."

అది నా నోటి నుంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఏళ్ల తరబడి ఆ పని నేను చేయలేదు.

మూడు దాటిన ఊరు

ఈత రాని మనిషి, వేసుకున్న లైఫ్ జాకెట్ తాళ్లు రెండు చేతులా బిగించి పట్టుకుని, చేపల బుట్టల మధ్య గంటన్నర కూర్చున్నాడు. నీళ్ల భయం ఆరోజు రెండోది. రాజవ్వ ఇసుకలో కూలబడి ఏడుస్తూ ఉంటుందని, లేకపోతే పడిపోయి ఉంటుందని రకరకాలుగా అనిపించింది. ఇంకో సంగతి కూడా దాచకుండా చెబుతాను. దారిలో ఒక అబద్ధం సిద్ధం చేసుకున్నాను. ఇంజనులో ఏదో తేడా వస్తే లాంచీని ఉన్నపళంగా కదపాల్సి వచ్చిందని చెబుదామనుకున్నాను. రాణి కథ అల్లినవాడికి ఇదొక లెక్కా?

ఇంకా ఎండ ఉండగానే చేరాను. ఇసుకలో ఎవరూ లేరు. గుడి దాటి బూట్లతోనే మెట్లెక్కుతుంటే పైనుంచి ఎవరో తిట్టారు. వెనక్కి దిగి, విప్పేసి, మళ్లీ పరుగెత్తాను.

రాజవ్వ పాక వెనక పీట మీద కూర్చుని తోటకూర బాగుచేస్తోంది. పక్కన తాగేసిన జావ గిన్నె ఉంది. మాకు ఇన్నేళ్లూ వండిపెడుతున్న ఆవిడ ఆమె దగ్గరే కూర్చుని ఉంది.

"కళ్లు తిరుగుతున్నాయన్నారండి, జావ కాసిచ్చానండి" అంది ఆవిడ నాతో.

రాజవ్వ తలెత్తి నన్ను చూసింది. నేను మాత్రల డబ్బా చేతిలో పెట్టి మొదలుపెట్టాను.

"రాజవ్వా, ఇంజన్ల జర ప్రాబ్లం వచ్చి..."

"ఇంజను ముచ్చట తర్వాత చెప్పు. నన్నెట్ల మరిచినవ్?"

ఆ కళ్ల ముందు అబద్ధం నిలబడలేదు. చెప్పేశాను. "చెప్పులు లెక్కపెట్టిన. నీ చెప్పులు స్వప్న తీసుకపోయింది. చెప్పులు లెవ్వు గదా, అందరు ఎక్కిండ్రనుకున్న."

ఆమె తోటకూర కాడ ఒకటి తుంచి పక్కన పెట్టింది. తర్వాత మాట్లాడింది, గొంతు పెంచకుండానే.

"అరవై మంది పోరగాండ్లకు వండుత నేను. పళ్లాలు లెక్కవెడ్తె సరిపోతది గదా? గాని లెక్కవెట్ట. మొకం జూస్త. ఏ పిల్ల తినలే, ఏ పిల్లకు పరీక్షల తప్పింది, ఏ పిల్ల ఇంట్ల లొల్లయింది, మొకం జూస్తె ఎరుకైతది. నువ్వు మా మొకాలు జూడలే."

"తప్పయింది రాజవ్వా."

"నేను మెట్లు దిగేటాలకు పడవ కదిలింది. ఉరికచ్చి చెయ్యి ఊపిన. ఆగుండ్రి ఆగుండ్రి అని రెండు చేతులు ఊపిన." ఇక్కడ ఆమె చేతిలోని తోటకూర కింద పెట్టింది. "అందరు మళ్ల చేతులూపిండ్రు. నవ్వుకుంట. నువ్వు సుత ఊపినవ్ బిడ్డా."

నాకు గుర్తుంది. ఒడ్డున ఆడవాళ్లలో ఒకామె గట్టిగా చేతులూపుతుంటే, ఈ ఊరివాళ్లకు మేమంటే ఎంత ప్రేమ అనుకున్నాను. నా పక్కనున్న అమ్మాయికి కూడా చూపించాను. ముందురోజు రాత్రి తన చేత్తో నాకు సర్వపిండి పెట్టిన మనిషి ఆమె. నేను అక్కడే, తోటకూర కాడల పక్కన కూలబడి ఏడ్చేశాను. యాభైకి దగ్గరపడ్డ మనిషిని, సిగ్గేమీ అనిపించలేదు.

రాజవ్వ మాత్ర వేసుకుని నీళ్లు తాగి, నా వైపు ఒక కట్ట తోటకూర తోసింది. "ఏడ్సింది చాలు గని, ఆకు తుంచు."

చేపల పడవ ఇంకాసేపట్లో కిందికి పోతుంది, దాంట్లో పోతే రోడ్డు చేరుకుని బస్సు పట్టుకోవచ్చని చెప్పాను. వద్దంది.

"రేపటి లాంచీల పోదాం. గీ ఒక్క దినం నాకు వంట లేదు. పిల్లలు రేపు ఉప్మా వండుకుంటరు, ఫికర్ జెయ్యకు. నీళ్లకాడ గూసుంట జర."

ఆ సాయంత్రం ఆమె నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంది. నేను కొంచెం వెనకగా కూర్చున్నాను. అప్పుడు తెలిసింది, ఇన్నేళ్లుగా వచ్చిపోతున్న ఈ ఊరిని మూడింటి తర్వాత నేను ఒక్కసారి కూడా చూడలేదని. లాంచీలు పోయాక ఆడవాళ్లు మా విస్తళ్లు ఏరి, ఇసుకలో గిన్నెలు తోముకుని, అప్పుడు తాము తిన్నారు. మగవాళ్లు వలలు ఆరేశారు. బుట్టలమ్మే ముసలాయన తన బుట్టలన్నీ సర్దుకుని, మాకెప్పుడూ వినపడనంత మెల్లగా ఒక పదం పాడుకున్నాడు. కొండ నీడ నది దాటి ఈ ఒడ్డుకు వచ్చింది. నేను మైకులో ఇన్నేళ్లు చెప్పిన మాటలేవీ ఈ ఊరి గురించి కావు.

మాకు వండిపెట్టే ఆవిడ పేరు రత్నం. ఆ పేరు నాకు రాజవ్వ చెప్పింది. ఒక్క మధ్యాహ్నంలో ఆమెకు రత్నం పేరు, ఆమె పిల్లల పేర్లు, నడుం నొప్పి ఎప్పటి నుంచో కూడా తెలిసిపోయాయి. నేను ఆమెను ఏళ్ల తరబడి "మూడో పాక" అని రాసుకున్నాను.

ఆఫీసులో ఏమైందంటే

తర్వాత జరిగింది ముందే చెప్పేస్తాను. సోమవారం ఆఫీసుకు పోగానే ప్రసాదరావు గారు కళ్లద్దాలు తీశారు.

"నలభై మందిని గాలికొదిలేసి ఒక్కరి కోసం వెనక్కెళ్లడమేంటి యాదగిరీ? వీళ్లకేమన్నా అయ్యుంటే?"

"తప్పే సార్. గాని ఆ ఒక్కరిని వదిలేసింది నేనే."

ఆయన కళ్లద్దాలు తుడుస్తూనే ఉన్నారు. నా ఉద్యోగం పోయిందనుకున్నాను. కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని, "చెప్పుల లెక్కకు నిన్ను మెచ్చుకున్నది నేనే కదూ" అన్నారు. ఆ సాయంత్రమే ఇద్దరం అమీర్‌పేట హాస్టల్‌కు నడుచుకుంటూ పోయాం. పిల్లలు ముందు నన్ను గుర్రుగా చూశారు. ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మా, పొరపాటు మాదండి" అని చేతులు జోడించారు. రాజవ్వ గరిటె పట్టుకునే ఆయన్ని పీట మీద కూర్చోబెట్టి పప్పన్నం పెట్టింది. మంచి బాసు అంటే తప్పు చేయనివాడు కాదు. గుమ్మం దాకా వచ్చి ఒప్పుకోగలిగినవాడు. నాకు అలాంటి ఒక్కరే దొరికారు, ఆ ఒక్కరు చాలు.

ఆదివారం మధ్యాహ్నం

ఇప్పుడు ఆదివారానికి వస్తాను. ఒంటిగంటకు వీర్రాజు లాంచీ మళ్లీ వచ్చింది. ఏదో కంపెనీ వాళ్లు, మా ఆఫీసు గుంపే. ఆ గుంపును తెచ్చిన మేనేజర్ నేను నేర్పిన కుర్రాడే. చెప్పులన్నీ పాత పడవ పక్కన పెట్టించాడు. మూడింటికి నేను అతని చేతిలోంచి పేర్ల కాగితం తీసుకుని పలక దగ్గర నిలబడ్డాను.

ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచాను. పలికినవాళ్ల ముఖం చూశాకే పైకి పంపాను. ఆలస్యమైంది. "అంకుల్, ఇది స్కూలా?" అని వెనక నుంచి ఎవరో నవ్వారు. నవ్వనిచ్చాను. వీర్రాజు ఏమీ తొందరపెట్టలేదు.

కాగితంలో పేర్లు అయిపోయాయి. రాజవ్వ అందరి వెనక నిలబడి ఉంది, రత్నం ఇచ్చిన పాత చెప్పులు చేతిలో పట్టుకుని. ఆమె పేరు ఆ కాగితంలో లేదు. పెన్ను తీసి కింద రాసుకున్నాను. గట్టిగా పిలిచాను.

"రాజవ్వ!"

"ఉన్న" అంది. పలక మీద కాలు పెట్టి, నా చేయి పట్టుకుని పైకి వచ్చింది.

లాంచీ కదిలింది. రత్నం మెట్ల మీద నిలబడి చేతులూపింది. రాజవ్వ, "పొయ్యొస్తనే రత్నం, నడుముకు కాపడం వెట్టుకో!" అని అరిచింది. ఒడ్డున ఇంకా పది మంది దాకా ఉన్నారు. లాంచీలో పిల్లలందరూ లేచి చేతులూపుతున్నారు.

నేను ఊపలేదు. ఒడ్డు మీద ఒక్కొక్క ముఖాన్నీ చూసుకుంటూ పోయాను, వాళ్లలో మావాళ్లెవరైనా ఉండి పిలుస్తున్నారేమోనని.